జింకకీ, పందికీ, రేంజ్‌కీ ఒకటే తూటా కావాలంటే నా ఓటు .308కే

ఒకాయన నన్ను అడిగింది క్లుప్తంగా ఇది: "డల్లాస్ దగ్గర ఉంటున్నాను. ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. ఆఫీసులో వాళ్లు జింకల వేటకి రమ్మంటున్నారు. కొంటే ఒక్కటే రైఫిల్ కొంటాను, ఇంట్లో రెండోది పెట్టుకునే ఉద్దేశం లేదు. జింక, అడవి పంది, రేంజ్‌లో (గురి నేర్చుకునే చోట) ప్రాక్టీసు, ఎప్పుడైనా కొలరాడో వెళ్తే ఎల్క్ (పెద్ద జాతి దుప్పి). .308, 6.5 క్రీడ్‌మోర్, .30-06, .300 విన్ మ్యాగ్... ఎవరిని అడిగినా తాము వాడేదే గొప్పంటున్నారు. మా ఆవిడ కూడా నేర్చుకుంటానంటోంది. ఏది తీసుకోమంటారు?"

.308 విన్‌చెస్టర్ తీసుకోండి. (ఈ నాలుగూ తూటా రకాల పేర్లు. తూటా అంటే ఇత్తడి గొట్టం లాంటి ఖోకా, అందులో మందు, ముందు ఎగిరే బుల్లెట్ అన్నీ కలిపి.) మీ ఇద్దరిలో ఎక్కువగా కాల్చేది మీ ఆవిడే అయితే, లేదా దాని తన్నుకి, అంటే కాల్చగానే రైఫిల్ వెనక్కి గుద్దే దెబ్బకి, మీ భుజం ఒప్పుకోకపోతే, 6.5 క్రీడ్‌మోర్ తీసుకోండి. ఈ రెంటిలో ఏది కొన్నా మీరు రాసిన పనులన్నీ జరుగుతాయి. .30-06 కూడా మంచిదే గానీ మీ అవసరానికి కాస్త ఎక్కువ. .300 విన్ మ్యాగ్ మాత్రం మొదటి రైఫిల్‌గా వద్దు. ఎందుకో కింద చెబుతాను. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేసినా పర్లేదు.

నేను చాలా ఏళ్లుగా టెక్సస్ హిల్ కంట్రీ పక్కన ఉంటున్నాను. సీజన్‌లో జింకలకి, మిగతా ఏడాదంతా పందులకి వెళ్తుంటాను. కొత్తగా తుపాకీ పట్టే మనవాళ్లని రేంజ్‌కి తీసుకెళ్లి నేర్పడం కూడా అలవాటైపోయింది. కాబట్టి ఇక్కడ రాసేదంతా టెక్సస్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది. అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య తిరిగేవాళ్లకి ఇదే సలహా ఇవ్వను.

ముందు ఒక మాట అడగాలి. మీరు నిజంగా ఎంత దూరం నుంచి కాలుస్తారు? ఇక్కడ జింకల వేటంటే ఎక్కువగా ఎవరి పొలంలోనో లీజు తీసుకుని, బ్లైండ్‌లో (దాక్కుని కాల్చే చిన్న గుడిసెలో) కూర్చుని, మక్కజొన్న చల్లే ఫీడర్ దగ్గరికి జింక వచ్చేదాకా ఎదురుచూడటమే. టెక్సస్‌లో భూమి నూటికి తొంభై పాళ్లకు పైగా ప్రైవేటుదే కాబట్టి ప్రభుత్వ అడవిలో పడి తిరగడం తక్కువ. ఫీడర్‌కి, బ్లైండ్‌కి మధ్య దూరం సాధారణంగా వంద గజాలు, మహా అయితే నూట యాభై. గజం అంటే యార్డే, ఇక్కడంతా అదే లెక్క. హిల్ కంట్రీలో వైట్‌టెయిల్ అనే ఇక్కడి మామూలు జింకల్లో మగది బతికుండగా తూగేది నూరు నుంచి నూటయాభై పౌండ్లు. ఆ దూరంలో, ఆ సైజు జింకకి మీరు రాసిన నాలుగు తూటాల్లో ఏదైనా సరిపోతుంది. ఇంటర్నెట్‌లో నడిచే గొడవంతా ఐదొందలు, వెయ్యి గజాల గురించి. మీరు అంత దూరం కాల్చరు. కాల్చకూడదు కూడా, కనీసం మొదటి కొన్నేళ్లు.

కాస్త లెక్క చూద్దాం. .308లో 150 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్ పాయింట్ (కొన దగ్గర సీసం బయటికుండే) బుల్లెట్ గొట్టం నుంచి సెకనుకు సుమారు 2,820 అడుగుల వేగంతో బయటికొస్తుంది. అప్పుడు దాని శక్తి సుమారు 2,650 ఫుట్-పౌండ్లు. వంద గజాల దగ్గరికి 2,100, మూడు వందల దగ్గరికి 1,340 చిల్లర మిగులుతుంది. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత, 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. 6.5 క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ల బుల్లెట్ 2,700 అడుగుల వేగంతో, 2,300 ఫుట్-పౌండ్లతో బయల్దేరుతుంది. మొదట్లో .308 కన్నా తక్కువే. కానీ ఆ బుల్లెట్ సన్నగా, పొడవుగా ఉంటుంది, గాలిని బాగా చీల్చుకుపోతుంది. అందుకే రెండు వందల గజాల దగ్గరికే అది ముందుకొస్తుంది. మూడు వందల దగ్గర పక్కగాలికి అది జరిగే దూరం .308 సాఫ్ట్ పాయింట్ జరిగే దాంట్లో దాదాపు సగమే. వంద గజాల దగ్గర ఆ తేడా అర అంగుళం. ఫీడర్ దగ్గర నిలబడ్డ జింకకి ఆ అర అంగుళం సంగతి తెలియదు, మీకూ తెలియదు.

రేంజ్‌లో దూరపు ఇనుప పలకలు కొట్టడమే మీ ప్రధాన సరదా అయితే నా సమాధానం మారుతుంది. అప్పుడు ఆలోచించకుండా క్రీడ్‌మోర్‌కి వెళ్లండి, అది పుట్టిందే ఆ పోటీల కోసం. హార్నడీ కంపెనీ 2007లో తెచ్చింది. వేటగాళ్లు దాన్ని ఎత్తుకుంది ఆ తర్వాతే. అయితే దాని బ్యారెల్ కాస్త తొందరగా అరుగుతుంది. రెండు మూడు వేల రౌండ్ల (రౌండు అంటే ఒక తూటా) తర్వాత గురి సడలడం మొదలవుతుందని పోటీల్లో కాల్చేవాళ్లు అంటారు. .308 బ్యారెల్ ఐదు వేలు దాటినా బాగానే ఉంటుంది. ఏడాదికి రెండు మూడు వందలు కాల్చేవాడికి ఇది పట్టించుకునే విషయం కాదనుకోండి.

అసలు తేల్చాల్సింది తన్ను. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో క్రీడ్‌మోర్ తన్ను సుమారు 12-13 ఫుట్-పౌండ్లు, .308ది 17 దాకా, .30-06ది 20, .300 విన్ మ్యాగ్‌ది 25 పైన. అంకెలు చూస్తే మెట్లు మెట్లుగా ఉన్నాయి గానీ భుజానికి అలా అనిపించదు. 17 దాకా చాలామంది ఓర్చుకుంటారు. 20 దాటితే పది రౌండ్లకే కళ్లు మూసుకోవడం మొదలుపెడతారు. అది భయమని వాళ్లు ఒప్పుకోరు, "రైఫిల్ ఎందుకో ఇవాళ ఎడమకి కొడుతోంది" అంటారు.

అది ఎలా బయటపడుతుందో చెబుతాను, మీరిద్దరూ ఇంట్లో కాకుండా రేంజ్‌లో చేసి చూడండి. తుపాకీ మందు లేని డమ్మీ రౌండ్లు ప్లాస్టిక్‌వో అల్యూమినియంవో దొరుకుతాయి. పక్కనున్న మనిషి మీకు చూపించకుండా ఒకసారి అసలు తూటా, ఒకసారి డమ్మీ ఎక్కించి రైఫిల్ చేతికివ్వాలి. మీరు మామూలుగానే గురి చూసి ట్రిగ్గర్ లాగుతారు. డమ్మీ అయితే "టిక్" మంటుంది అంతే. తన్ను అలవాటైన మనిషి చేతిలో రైఫిల్ కదలకుండా ఉంటుంది. భయపడే మనిషి చేతిలో ఆ టిక్ కన్నా రవ్వంత ముందే గొట్టం మూతి కిందికి దిగుతుంది, భుజం ముందుకు వస్తుంది, ఎడమ చెయ్యి బిగుస్తుంది. వంద గజాల దగ్గర ఆ కుదుపు అంటే ఐదారు అంగుళాలు. గుండెకి తగలాల్సింది పొట్టకి తగులుతుంది, ఆ జింక రాత్రంతా ముళ్లపొదల్లో పడి చస్తుంది.

ఈ పరీక్షలో .300 విన్ మ్యాగ్‌తో నిలబడ్డ కొత్తవాళ్లని నేను చాలా తక్కువ మందిని చూశాను. .308తో చాలామంది ఒకటి రెండు వారాంతాల్లో సర్దుకుంటారు. సన్నటి ఒళ్లున్న ఆడవాళ్లు, పదిహేనేళ్ల పిల్లలు క్రీడ్‌మోర్‌తో ఇంకా తొందరగా సర్దుకుంటారు. మీ ఆవిడకి .308 తన్ను కష్టంగా ఉంటే రైఫిల్ మార్చేముందు రెండు చూడండి. స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు ఆవిడ చేతికి సరిపోతుందా? షాపులో ఉన్న రైఫిళ్లు ఎక్కువగా ఆరడుగుల మగాడి కొలతకి చేసినవే. స్టాక్ పొడవైతే దాని చివర భుజం గుంటలో కాకుండా చేతి మీద ఆనుతుంది, అక్కడ తగిలితే నీలం కమిలిపోతుంది. రెండోది, మెత్తటి రబ్బరు ప్యాడ్. ఇవి సరిచేశాక కూడా భయంగానే ఉంటే క్రీడ్‌మోర్‌కి మారండి, మొహమాటం వద్దు. మజిల్ బ్రేక్ (గొట్టం మూతికి బిగించి వాయువుని పక్కలకి మళ్లించేది) పెట్టిస్తే తన్ను బాగా తగ్గుతుంది గానీ చెవులకి నరకం, పక్కన కూర్చున్నవాళ్లకి ఇంకా ఎక్కువ. బ్రేక్ లేకుండానే .308 చప్పుడు 160 డెసిబెల్స్ పైన ఉంటుంది. రేంజ్‌లోనే కాదు, వేటలో కూడా చెవులకి రక్షణ లేకుండా కాల్చకండి.

ఇక .308కే ఎందుకు ఓటేశానంటే, దొరకడం. ఇది 1952లో మార్కెట్లోకి వచ్చింది. పాత .30-06 ఖోకాని పొట్టిచేసి, మెరుగైన తుపాకీ మందుతో దాదాపు అంతే పని చేయించిన తూటా. రెండేళ్లకి నాటో సైన్యాలు దీని కవల లాంటి 7.62×51ని తీసుకున్నాయి. అప్పట్నుంచి దీన్ని తయారుచేయని కంపెనీ లేదు. పల్లెటూళ్లో పురుగుమందులు, తాళ్లు, దాణా అమ్మే ఫీడ్ స్టోర్‌లో కూడా ఒక అరలో .308 డబ్బాలు రెండు మూడు రకాలు ఉంటాయి. వేటకి రెండొందల మైళ్లు వెళ్లాక తూటాల డబ్బా ఇంట్లో మర్చిపోయామని తెలిస్తే అప్పుడు తెలుస్తుంది దీని విలువ. ప్రాక్టీసు రకం రౌండు ఒక డాలరుకి అటూ ఇటూ, మామూలు వేట రకం డాలరున్నర నుంచి రెండున్నర దాకా ఉంటుంది. క్రీడ్‌మోర్ కూడా ఇప్పుడు దాదాపు అంతటా దొరుకుతోంది, ఒప్పుకుంటాను. పదేళ్ల కిందటి మాట వేరు.

అలాగని ఎప్పుడూ దొరుకుతుందని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోకండి. 2020-21లో అందరికీ తూటాల కరువొచ్చింది, .308 అరలు కూడా ఖాళీ. కాబట్టి మీ రైఫిల్‌కి నప్పిన ఒక రకం దొరకగానే అదే లాట్ నంబరుతో (ఒకే విడతలో తయారైనవి) పది డబ్బాలు కొని పెట్టుకోండి. డబ్బాకి ఇరవై ఉంటాయి. ఇది పిసినారితనం కోసమో నిల్వ కోసమో మాత్రమే చెప్పడం లేదు. ఒకే రైఫిల్‌తో, ఒకే స్కోప్ (గురి చూసే దుర్బిణి) సెట్టింగుతో, ఒక కంపెనీ 150 గ్రెయిన్లు కాల్చి, తర్వాత ఇంకో కంపెనీ 168 గ్రెయిన్లు కాల్చి చూడండి. వంద గజాల కాగితం మీద రెండు చిల్లుల గుంపుల మధ్య రెండు మూడు అంగుళాల తేడా రావచ్చు. మీరు మూడు నెలలు చవక రౌండ్లతో ప్రాక్టీసు చేసి, స్కోప్ వాటికే సరిచేసుకుని, సీజన్ మొదటి రోజు పొద్దున కొత్త వేట డబ్బా విప్పితే ఏమవుతుందో ఊహించుకోండి. నాకు పరిచయమైన కొత్త వేటగాళ్లలో జింక తప్పించుకుపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. చవకవి నేర్చుకోవడానికి కాల్చండి, వద్దనను. సీజన్‌కి రెండు వారాల ముందు మాత్రం వేట రౌండ్లతోనే స్కోప్ మళ్లీ సరిచూసుకోవాలి.

సరిచూడటం అంటే, మొదట ఇరవై ఐదు గజాల దగ్గర కాగితం మీద పడేలా చేసుకుని, తర్వాత వంద గజాలకి వెళ్లండి. అక్కడ చిల్లుల గుంపు కాగితం మధ్య గుర్తు కన్నా ఒకటిన్నర, రెండు అంగుళాలు పైకి పడేలా పెట్టుకోండి. 150 గ్రెయిన్ల .308 అప్పుడు రెండు వందల గజాల దగ్గర మధ్యలో పడుతుంది, మూడు వందల దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. సున్నా నుంచి రెండొందల ఇరవై గజాల దాకా జింక ఊపిరితిత్తుల మధ్యకి గురిపెట్టి కాల్చడమే, లెక్కలేమీ వేసుకోనక్కర్లేదు.

బుల్లెట్ రకం గురించి ఎవరూ అడగరు గానీ నన్నడిగితే తూటా పేరు కన్నా ఇదే ముఖ్యం. ఒకే .308లో మూడు నాలుగు రకాల బుల్లెట్లున్నాయి. పైన పూర్తిగా రాగి తొడుగున్న మిలిటరీ రకం బుల్లెట్ జంతువులో విచ్చుకోదు, సూదిలా దూసుకుపోతుంది. గాయపడ్డ జంతువు పరిగెత్తి ఎక్కడో పడుతుంది. వేటకి అది వద్దు, చాలా రాష్ట్రాల్లో చట్టం కూడా ఒప్పుకోదు. పోటీలకి వాడే మ్యాచ్ బుల్లెట్ గురి బ్రహ్మాండం, కానీ మాంసంలో ఎలా ప్రవర్తిస్తుందో దాని ఇష్టం. మామూలు సీసం సాఫ్ట్ పాయింట్ జింకలకి డెబ్భై ఏళ్లుగా సరిపోతోంది, చవక కూడా. సీసాన్ని తొడుక్కి అతికించిన బాండెడ్ బుల్లెట్లు, మొత్తం రాగితోనే చేసినవి లోతుగా దిగుతాయి, బరువు నిలబెట్టుకుంటాయి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే, ఆ మాంసం వాళ్లు తింటారనుకుంటే, రాగివి కొనండి. సీసం బుల్లెట్ పగిలినప్పుడు కంటికి కనపడని ముక్కలు గాయం చుట్టూ బాగా దూరం చిమ్ముతాయి, ఎక్స్‌రే తీస్తే ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. కాలిఫోర్నియాలో అయితే 2019 జులై నుంచి వేటకి సీసం తూటాలే వాడకూడదు. రాగివి కొనేటప్పుడు ఒక మెట్టు తేలికవి తీసుకోండి. సీసంలో 165 వాడేచోట రాగిలో 150 చాలు, రాగి విచ్చుకోవడానికి వేగం కావాలి.

పందుల గురించి రెండు ముక్కలు. టెక్సస్‌లో వీటికి సీజన్ లేదు, లెక్క లేదు. 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే లైసెన్సు కూడా అక్కర్లేదు. రేంజ్‌లో కాగితం కొట్టి విసుగొచ్చినవాళ్లకి ఇంతకన్నా ప్రాక్టీసు ఉండదు. కానీ జింకని కొట్టే చోట పందిని కొట్టకండి. పంది గుండె బాగా కిందికి, ముందుకాళ్ల మధ్యలో ఉంటుంది. జింకకి లాగా భుజం వెనక గురిపెడితే పొట్టకి తగులుతుంది. ముదురు మగపందికి భుజం మీద గట్టి నరం లాంటి కవచం ఉంటుంది, రెండు అంగుళాల మందం కూడా ఉండొచ్చు. .308కి అది లెక్క కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. మీరు అడగలేదు గానీ మన తెలుగువాళ్లు టెక్సస్‌లో వేటకి దిగితే రెండో ఏడో మూడో ఏడో తప్పకుండా దీని దగ్గరికొస్తారు: నీల్‌గాయ్, అంటే మన మనుబోతు. కింగ్ రాంచ్ అనే పెద్ద పశువుల ఎస్టేట్ వాళ్లు 1920ల్లో, 30ల్లో దక్షిణ టెక్సస్‌లో తెచ్చి వదిలారు. ఇప్పుడక్కడ వేలకొద్దీ తిరుగుతున్నాయి. ఇక్కడ యాక్సిస్ అని పిలిచే చుక్కల దుప్పి, కృష్ణజింక కూడా 1930ల్లోనే వచ్చి హిల్ కంట్రీలో స్థిరపడ్డాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నవే ఇక్కడ 'ఎగ్జాటిక్స్', అంటే బయటి దేశపు జంతువులు. వీటికి సీజన్ లేదు, లైసెన్సు ఉంటే చాలు. ఇంటికొచ్చిన కృష్ణజింక ఫొటో చూసి మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే కథ.

దుప్పి, కృష్ణజింక .308కి సులువు. దుప్పి మాంసం వైట్‌టెయిల్ కన్నా రుచి. మనుబోతు అలా కాదు. ముదురు మగది ఆరు వందల పౌండ్లు తూగుతుంది, చర్మం మందం, ఎముక గట్టి. తగిలాక కూడా నిలబడకుండా పరిగెత్తి మెస్కీట్ ముళ్లలో దూరుతుంది. రక్తం బయటికి పెద్దగా రాదు కాబట్టి జాడ పట్టడం కష్టం. అందుకే కొన్ని రాంచ్‌లు .300 మ్యాగ్నం కన్నా తక్కువ తెస్తే ఒప్పుకోవు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఒప్పుకునేచోట .308తోనే వెళ్లొచ్చు, రెండు షరతుల మీద. మామూలు సాఫ్ట్ పాయింట్ ఇంట్లో వదిలేసి 165 లేదా 180 గ్రెయిన్ల బాండెడ్‌గానీ, గట్టి రాగి బుల్లెట్‌గానీ తీసుకెళ్లండి. రెండొందల గజాలు దాటి కాల్చకండి, పూర్తిగా పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగండి. గుండె ఊపిరితిత్తులు మీరనుకున్నదానికన్నా ముందుకి ఉంటాయి, గురి భుజం మీదే. మొదటిది తగిలాక "పడిందా లేదా" అని చూస్తూ కూర్చోకుండా బోల్ట్ లాగి రెండోది కొట్టండి.

ఇక్కడే .30-06 వాదన మొదలవుతుంది, నిజం చెప్పాలంటే గట్టి వాదనే. 1906 నాటి తూటా అయినా 180 గ్రెయిన్లని 2,700 అడుగుల వేగంతో విసురుతుంది. .308 అదే బరువుని వంద అడుగులు తక్కువగా విసురుతుంది. మనుబోతు, ఎల్క్ మీ వేటలో సగం అయితే .30-06 కొనండని చెప్పేవాణ్ణి. మీ ప్రశ్నలో ఎల్క్ 'ఎప్పుడైనా' అని ఉంది. ఆ ఎప్పుడైనా కోసం ప్రతి ప్రాక్టీసు రోజూ ఎక్కువ తన్ను తినడం దేనికి?

కొలరాడో ఎల్క్‌కి మీ .308 చట్టపరంగా కూడా బానే సరిపోతుంది. అక్కడ కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో బుల్లెట్ వ్యాసం), విచ్చుకునే బుల్లెట్, ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్లు, వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్-పౌండ్లు ఉండాలి. మూడొందల గజాల్లోపు 165 గ్రెయిన్ల మంచి బుల్లెట్‌తో ఎల్క్ పడుతుంది. వెళ్లే రాష్ట్రం రూల్సు మాత్రం ప్రతి ఏడూ చూసుకోండి. ఒహాయో లాంటి చోట్ల జింకల సీజన్‌లో రైఫిల్‌కి ఖోకా మెడ సన్నబడని, నిట్టనిలువు ఖోకా ఉన్న తూటాలే అనుమతిస్తారు. అక్కడికి ఉద్యోగం మారితే మీ .308, క్రీడ్‌మోర్ రెండూ జింకకి పనికిరావు.

మిగతా తూటాల మాట: .270 విన్‌చెస్టర్ మంచి తూటా, 1925 నుంచి జింకలు పడుతూనే ఉన్నాయి, కానీ చవక ప్రాక్టీసు రౌండ్లు దొరకవు. 7ఎంఎం-08 నాకు చాలా ఇష్టం, .308 ఖోకాలోనే సన్నటి బుల్లెట్, తన్ను తక్కువ. కానీ ఫీడ్ స్టోర్ అరలో కనపడదు. .243 జింకకి చాలు, పెద్ద పందికి, ఎల్క్‌కి చాలదు. .223తో టెక్సస్‌లో జింకని కొట్టొచ్చు, ఇక్కడ రిమ్‌ఫైర్ (.22 లాంటి చిన్న తూటాలు) ఒక్కటే నిషేధం. మీ జాబితాకి మాత్రం అది చిన్నది. ప్రాక్టీసుకి .22 పెట్టుకోమని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. రౌండు పది సెంట్లే. రెండో తుపాకీ వద్దన్నారు కాబట్టి ఆగిపోతున్నాను.

చట్టం గురించి కొంచెం, ఇది టెన్షన్ పెట్టడానికి కాదు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మీకు కొనడంలో ఇబ్బంది లేదు. షాపులో ఫెడరల్ ఫారం నింపుతారు, అందులో మీ ఏలియన్ నంబరు రాయాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో వేటకి హంటర్ ఎడ్యుకేషన్ చేసుండాలి. పదిహేడు నిండితే మొత్తం ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఆ కార్డు వేరే రాష్ట్రాల్లో కూడా చెల్లుతుంది.

మీ స్నేహితుల్లో హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి రైఫిల్ ఇచ్చేముందు ఆగండి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం, తెలిసి ఇచ్చినవాళ్లకి కూడా. ఏదో ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. టెక్సస్ రెసిడెంట్ లైసెన్సు పాతిక డాలర్లు. "ఊరికే ఒక్క రౌండ్, ఫొటో కోసం" అని చాలామంది అనుకుంటారు. ఆ పాతిక డాలర్లు పెట్టి లైసెన్సు తీసుకుని జేబులో పెట్టుకుని రమ్మనండి. మీ ఆవిడ ఇంకా డిపెండెంట్ వీసా మీదే ఉంటే ఆవిడకీ ఇదే వర్తిస్తుంది.

ఎప్పుడైనా ఈ రైఫిల్ ఇండియాకి పట్టుకెళ్లొచ్చా అని తర్వాత అడుగుతారు, అందరూ అడుగుతారు. వద్దు. సైన్యం వాడే .303, 7.62 తూటాలు ఎక్కే రైఫిళ్లు మన దగ్గర నిషేధిత బోరు, అంటే మామూలు జనానికి లైసెన్సు ఇవ్వని రకం. .308 అందులోకే వస్తుంది. ఊళ్లో పాత లైసెన్సు రైఫిళ్లు .315 ఉండటానికి కారణం అదే.

కొనేటప్పుడు బ్యారెల్ పొడవు చూసుకోండి, 20 నుంచి 22 అంగుళాలు. పైన నేను రాసిన వేగాలన్నీ 24 అంగుళాల టెస్టు బ్యారెల్‌వి. ఒక్కో అంగుళం తగ్గితే సుమారు పాతిక అడుగుల వేగం పోతుంది. 16 అంగుళాలది బ్లైండ్‌లో తిప్పడానికి హాయిగానే ఉంటుంది, కానీ చప్పుడు, మంట రెండూ పెరుగుతాయి, కొత్తవాళ్ల కన్ను మూయించేది సగం ఆ చప్పుడే. రైఫిల్ కంపెనీ, స్కోప్ గురించి అడగలేదు కాబట్టి రాయడం లేదు. మీ బడ్జెట్ ఎంతో, మీ ఆవిడ ఎత్తెంతో చెబితే అది వేరేగా రాస్తాను.